క్యూబీ64 ఫీనిక్స్ ఎడిషన్: సరదా ప్రోగ్రాములకు సై, తెలుగు అక్షరాలకు నై

డెస్క్‌టాప్ మీద సరదాకి ఏదైనా రాసుకుందామనుకునేవాళ్లు (చిన్న ఆట కావచ్చు, పిల్లలకి ఎక్కాల పరీక్ష కావచ్చు, తెర మీద తిరిగే గ్రహాలు కావచ్చు) ఇవాళ ఎవరిని అడిగినా పైథాన్ అనే చెబుతారు. సలహా తప్పు కాదు. కాకపోతే టర్టిల్ బొమ్మల దశ దాటి నిజంగా కదిలే ఆట రాయాలంటే విడిగా లైబ్రరీ ఎక్కించాలి. రాసినది పైథాన్ లేని కంప్యూటర్లో నడవాలంటే ఇంకో పనిముట్టుతో మూటగట్టాలి. బేసిక్ భాషలో ప్రోగ్రాములు రాసుకునే క్యూబీ64లో ఈ రెండు తలనొప్పులూ లేవు. బొమ్మలు, శబ్దం, మౌస్, జాయ్‌స్టిక్ అన్నీ భాషలోనే ఉన్నాయి. ఎఫ్5 నొక్కితే ప్రోగ్రాం నడుస్తుంది, దాని ఈఎక్స్‌ఈ ఫైలు (విడిగా నడిచే ప్రోగ్రాం) కూడా అప్పటికప్పుడే తయారవుతుంది. పైసా ఖర్చు లేదు. తెర మీద తెలుగు చూపించడమే ముఖ్యమైతే మాత్రం దీని జోలికి రావద్దు. కారణం కింద వివరంగా ఉంది.

బేసిక్ భాష 1964లో అమెరికాలోని డార్ట్‌మత్ కాలేజీలో పుట్టింది. జాన్ కెమెనీ, థామస్ కర్ట్జ్ దాన్ని తయారుచేసింది సైన్సు, లెక్కలు చదవని విద్యార్థులు కూడా కంప్యూటర్ వాడగలగాలని. 1991లో ఎంఎస్ డాస్ 5తో పాటు క్యూబేసిక్ వచ్చింది. మన ఊళ్లలో కంప్యూటర్ సెంటర్లకి వెళ్లినవాళ్లకి ఆ నీలం తెర గుర్తుండే ఉంటుంది. అది 16 బిట్ ప్రోగ్రాం కాబట్టి ఇప్పటి 64 బిట్ విండోస్‌లో నేరుగా నడవదు. క్యూబీ64 అదే భాషని, దాదాపు అదే నీలం తెరతో, ఇప్పటి కంప్యూటర్లకి తెచ్చింది. మీరు రాసిన బేసిక్‌ని అది లోపల సీ ప్లస్ ప్లస్‌లోకి మార్చి, కంపైలర్‌తో (విండోస్‌లో అది తనతోనే వస్తుంది) కంపైల్ చేస్తుంది, అంటే కంప్యూటర్ నేరుగా నడిపే రూపంలోకి మారుస్తుంది. అందుకే వేగానికి లోటు లేదు. 2022 నుంచి ఈ పనిని ముందుకు తీసుకెళ్తున్నది ఫీనిక్స్ ఎడిషన్ బృందం. పాత క్యూబీ64 ఇంకా అక్కడక్కడా దొరుకుతుంది, దాన్ని ముట్టుకోకండి.

(కమాండ్ల పేర్లు ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాం. కొట్టేది ఇంగ్లీషులోనే. పేరు ముందు అండర్‌స్కోర్ ఉంటే అది క్యూబీ64 కొత్తగా చేర్చిన కమాండ్ అని అర్థం.)

ఎక్కించుకోవడం

విండోస్‌కి సెటప్ ప్రోగ్రాం ఉండదు. 7జెడ్ ఫైలు ఒకటి దిగుతుంది, దాన్ని విప్పుకోవడమే. విండోస్ 11 కొత్త అప్‌డేట్లలో రైట్ క్లిక్‌తోనే విప్పొచ్చు, అంతకు ముందువాటికి 7జిప్ కావాలి. కంపైలర్ కూడా లోపలే ఉంది కాబట్టి విప్పాక ఫోల్డర్ బాగా పెద్దదవుతుంది, డిస్కులో ఒక జీబీ ఖాళీ ఉంచుకుంటే నిశ్చింత.

ఎక్కడ విప్పుతామన్నదే అసలు సంగతి. ప్రోగ్రాం ఫైల్స్‌లో పెడితే కంపైల్ కాదు, ఎందుకంటే కంపైల్ చేసిన ప్రతిసారీ ఇది తన ఫోల్డర్లోనే తాత్కాలిక ఫైళ్లు రాసుకుంటుంది, అక్కడ రాయడానికి విండోస్ ఒప్పుకోదు. వన్‌డ్రైవ్ కాపీ చేసే డెస్క్‌టాప్ కూడా వద్దు, ఆ తాత్కాలిక ఫైళ్ల మీద రెండూ పోటీ పడతాయి. సీ డ్రైవ్ మొదట్లోనే ఒక ఫోల్డర్ చేసుకుని, దాని పేరు ఇంగ్లీషు అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా పెట్టండి.

తర్వాత యాంటీవైరస్. మీరు ఎఫ్5 నొక్కిన ప్రతిసారీ ప్రపంచంలో ఎవరూ చూడని ఒక కొత్త ఈఎక్స్‌ఈ పుడుతుంది. యాంటీవైరస్‌కి అలాంటివంటేనే అనుమానం. ఒక్కోసారి దాన్ని పక్కకి లాగేస్తుంది, ఒక్కోసారి కంపైలర్ ఫైలునే లాగేస్తుంది. అప్పుడు కనిపించేది సీ ప్లస్ ప్లస్ కంపైలేషన్ ఫెయిల్డ్ అన్న సందేశం. కొత్తవాళ్లు తమ ప్రోగ్రాంలో తప్పుందేమోనని గంటలు గంటలు వెతుక్కునేది ఇక్కడే. ఈ సందేశం వస్తే ముందు ఇంటర్నల్ ఫోల్డర్లోని టెంప్ లోపల కంపైల్‌లాగ్ అనే టెక్స్ట్ ఫైలు తెరిచి చూడండి. ఫైలు దొరకలేదు, రాయడానికి అనుమతి లేదు అన్న మాటలుంటే తప్పు మీది కాదు. యాంటీవైరస్ సెట్టింగుల్లో క్యూబీ64 ఫోల్డర్‌ని, మీ ప్రోగ్రాముల ఫోల్డర్‌ని మినహాయింపుల్లో చేర్చండి. ఆ రెండే, యాంటీవైరస్ మొత్తాన్ని ఆపేయకండి.

లినక్స్‌లో అయితే ఫోల్డర్లో ఉన్న సెటప్ స్క్రిప్టు నడిపితే కావలసిన ప్యాకేజీలు అదే తెచ్చుకుంటుంది. మ్యాక్‌లో ముందు ఎక్స్‌కోడ్ కమాండ్ లైన్ టూల్స్ వేసుకోవాలి.

మొదటిసారి తెరిచాక రెండు పనులు చేయండి. ఆప్షన్స్ మెనూలో డిస్‌ప్లేకి వెళ్లి అక్షరాల సైజు పెంచండి, ఇప్పటి తెరల మీద అసలు సైజు చీమల బారులా ఉంటుంది. రన్ మెనూలో ఈఎక్స్‌ఈని సోర్స్ ఫోల్డర్లోనే పెట్టమనే ఆప్షన్‌కి టిక్ ఉందో లేదో చూడండి. టిక్ లేకపోతే మీ బొమ్మలు, పాటలు ఒకచోట, ఈఎక్స్‌ఈ ఇంకోచోట ఉండి, ప్రోగ్రాం నడుస్తుంది గాని తెర మీద ఏమీ కనపడదు.

ఎడిటర్ పాతకాలంగా కనిపిస్తుంది గాని పనిమంతురాలు. లైను కొట్టి ఎంటర్ నొక్కగానే తప్పుంటే కింద చెబుతుంది, కమాండ్ల పెద్దక్షరాలు, జరపాల్సిన ఖాళీలు అదే సర్దుతుంది. ఏ కమాండ్ మీదైనా కర్సర్ పెట్టి ఎఫ్1 నొక్కితే ఉదాహరణలతో సహా వివరం అక్కడే తెరుచుకుంటుంది. ఈ ఎఫ్1 సాయం ఒక్కటి చాలు, చాలా భాషల కన్నా దీన్ని ముందు పెట్టడానికి.

గెంతే బంతి

భాష ఎలా ఉంటుందో తెలియాలంటే గోడలకి తగిలి వెనక్కి వచ్చే బంతి చాలు. మొదటి లైనులో స్క్రీన్ అని రాసి _న్యూఇమేజ్(800, 600, 32) ఇస్తే 800 వెడల్పు, 600 ఎత్తు, 32 బిట్ రంగులతో కిటికీ వస్తుంది. తర్వాత డూ, లూప్‌ల మధ్య ఇదే వరస: సీఎల్ఎస్‌తో తెర తుడవడం, బంతి చోటు మార్చడం, సర్కిల్‌తో గీయడం, _డిస్‌ప్లే, చివర _లిమిట్ 60. లూప్ అన్‌టిల్ _కీడౌన్(27) అంటే ఎస్కేప్ నొక్కేదాకా తిరుగుతుంది. మొత్తం పదిహేను లైన్లు దాటదు.

_డిస్‌ప్లే మరిస్తే బంతి మిణుకుమిణుకుమంటుంది, తుడవడం కూడా కంటికి కనిపిస్తుంది కాబట్టి. _లిమిట్ మరిస్తే లూప్ కంప్యూటర్‌కి చేతనైనంత వేగంగా తిరుగుతుంది: ప్రాసెసర్‌లో ఒక కోర్ పూర్తిగా దానికే పోతుంది, ఫ్యాన్ రొద మొదలవుతుంది, బంతి ఒక్కో కంప్యూటర్లో ఒక్కో వేగంతో పోతుంది. _డిస్‌ప్లే ఒకసారి వాడాక, లూప్ అయిపోయిన తర్వాత ప్రింట్ చేసినవి తెర మీదకి రావు. మళ్లీ _ఆటోడిస్‌ప్లే అనాలి.

గోడ దగ్గర ఇంకో తిరకాసు ఉంది. బంతి వ్యాసార్థం 20 అనుకుంటే, అడ్డం విలువ 20 కన్నా తగ్గినా 780 దాటినా వేగం గుర్తు మార్చేయడం అందరికీ మొదట తోచేది. వేగం మారే ఆటల్లో ఇది దెబ్బతింటుంది. బంతి గోడ దాటి లోపలికి ఎక్కువ దూరం పోయి, వెనక్కి వచ్చే వేగం తక్కువైతే, తర్వాతి ఫ్రేములో (లూప్ తర్వాతి చుట్టులో గీసే తెరలో) కూడా అది గోడ లోపలే ఉంటుంది, గుర్తు మళ్లీ మారుతుంది, బంతి గోడకి అతుక్కుని వణుకుతుంది. ఎడమ గోడ దగ్గర వేగాన్ని ఏబీఎస్ విలువగా, కుడి గోడ దగ్గర దానికి మైనస్‌గా పెట్టేయండి. ఎన్నిసార్లు తగిలినా దిక్కు ఒక్కటే ఉంటుంది.

నిండు వృత్తం గీసే కమాండ్ లేకపోవడం ఈ భాషలో పెద్ద వెలితి. దీర్ఘచతురస్రానికి లైన్ కమాండ్ చివర బీఎఫ్ అంటే నిండుతుంది, వృత్తానికి అలాంటిది లేదు. పెయింట్ వాడొచ్చు గాని, అంచు రంగు అచ్చంగా అదే ఇవ్వకపోతే రంగు బయటికి కారి తెరంతా నిండుతుంది. సెకనుకి అరవైసార్లు పెయింట్ చేయడం దండగ కూడా. బంతిని ఒకసారి చిన్న బొమ్మగా వేరే _న్యూఇమేజ్‌లో గీసి పెట్టుకుని, లూప్‌లో _పుట్‌ఇమేజ్‌తో అతికించడం మేలు. అలా గీసేటప్పుడు, గీత ఎక్కడ పడాలో చెప్పే _డెస్ట్‌ని ఆ బొమ్మకి మారుస్తాం కదా, అయిపోయాక _డెస్ట్ 0 అని తెరకి తిప్పకపోతే ఆ తర్వాత గీసినవన్నీ కనపడని ఆ బొమ్మ మీదే పడతాయి.

తప్పు చూపించకుండా తప్పు చేసే చోట్లు

క్యూబీ64తో అసలు ఇబ్బంది ఇదే. చాలా తప్పులకి ఇది నోరు మెదపదు.

వేరియబుల్ రకం చెప్పకపోతే అది సింగిల్ (దశాంశ సంఖ్యలు పట్టే రకం) అవుతుంది. దానిలో కచ్చితంగా నిలిచేది 24 బిట్లు. రంగు విలువకి 32 బిట్లు కావాలి. _ఆర్‌జీబీ32(0, 0, 255) విలువని రకం చెప్పని వేరియబుల్‌లో పెట్టండి: చివరి ఎనిమిది బిట్లు, అంటే సరిగ్గా నీలం భాగమే, రౌండింగ్‌లో పోతుంది. నల్ల తెర మీద నీలం బంతి మాయమవుతుంది. అదే ఎర్ర బంతి అయితే చక్కగా కనిపిస్తుంది కాబట్టి తప్పు ఎక్కడుందో తట్టదు. రంగులు దాచే ప్రతి వేరియబుల్‌నీ _అన్‌సైన్డ్ లాంగ్‌గా ప్రకటించాలి.

ఇంటిజర్ అంటే 16 బిట్లే, 32767 దాకానే. పాత క్యూబేసిక్ అంతకు మించితే ఓవర్‌ఫ్లో అని ఆగిపోయేది. ఇక్కడ 40000 పెడితే కిమ్మనకుండా మైనస్ 25536 అవుతుంది. ఆటలో స్కోరు ఒక్కసారిగా మైనస్‌లోకి పోతే కారణం ఇదే. ఇంటిజర్ అనే పేరు చూసి వాడకండి, లెక్కలకి లాంగ్ వాడండి.

వేరియబుల్ పేరులో ఒక అక్షరం తప్పు కొడితే అది సున్నా విలువతో కొత్త వేరియబుల్ అయిపోతుంది. ప్రోగ్రాం మొదటి లైనులో ఆప్షన్ _ఎక్స్‌ప్లిసిట్ అని రాస్తే ప్రకటించని పేరుని ఎడిటర్ అక్కడికక్కడే పట్టుకుంటుంది. ఇది ఐచ్ఛికం అంటారు గాని, మా లెక్కలో తప్పనిసరి.

టైమర్ అర్ధరాత్రి నుంచి గడిచిన సెకన్లు చెబుతుంది. 86400 చేరగానే సున్నాకి వస్తుంది. టైమర్ ఇప్పటి విలువకి రెండు కలిపి, అది దాటేదాకా ఆగు అని రాసిన లూప్ రాత్రి 11:59:59కి మొదలైతే ఎప్పటికీ ఆగదు. సరదా ప్రోగ్రాములు రాసేది ఎక్కువగా ఆ వేళలోనే మరి! ఆగడానికి _డిలే వాడండి.

మౌస్ సంగతి: _మౌస్‌ఇన్‌పుట్ ఒక్కసారి పిలిస్తే వరసలో ఉన్న ఒక్క కదలికే చదువుతుంది. సెకనుకి వందల కదలికలు వచ్చి పడుతుంటాయి. వైల్, వెండ్ పెట్టి వరస ఖాళీ అయ్యేదాకా చదవకపోతే బొమ్మ మౌస్ వెనకాల ఈడ్చుకుంటూ వస్తుంది. కీబోర్డుకి ఇంకీ వాడితే మొదటి నొక్కుకి, తర్వాతి నొక్కులకి మధ్య టైపింగ్‌లో లాగే విరామం వస్తుంది. ఆటలకి _కీడౌన్ సరైనది. బాణాల సంఖ్యలు: ఎడమ 19200, కుడి 19712, పైకి 18432, కిందికి 20480.

_లోడ్‌ఇమేజ్‌ని లూప్ లోపల పెడితే ఫ్రేముకో కాపీ చొప్పున మెమరీ నిండుతుంది. లూప్‌కి ముందే ఒకసారి తెచ్చుకోవాలి. తెచ్చాక విలువ చూడాలి: బొమ్మ దొరక్కపోతే మైనస్ 1 వస్తుంది, శబ్దం దొరక్కపోతే 0 వస్తుంది. రెండిటికీ ఒకే పరీక్ష రాస్తే ఏదో ఒకటి తప్పించుకుంటుంది.

ఇవన్నీ ఏరడానికి డీబగ్గర్ ఉంది. మొదట్లో డాలర్ గుర్తుతో డీబగ్ అని రాసి, ఎఫ్9తో ఆగాల్సిన లైను గుర్తుపెట్టి, ఎఫ్8తో లైను లైనుగా నడపొచ్చు. అప్పుడు ఎడిటర్, ప్రోగ్రాం ఒకదానితో ఒకటి కంప్యూటర్ లోపలి నెట్‌వర్క్ ద్వారా మాట్లాడుకుంటాయి కాబట్టి ఫైర్‌వాల్ అనుమతి అడగొచ్చు. కాదంటే డీబగ్గర్ కలవదు.

తెలుగు ఎందుకు కుదరదు

ఎడిటర్ పాత డాస్ అక్షరాల పట్టికతో పనిచేస్తుంది. అందులో తెలుగు అతికిస్తే పిచ్చి గుర్తులే. యూటీఎఫ్ 8 ఫైలు నుంచి తెలుగు చదివి, అలాగే ఇంకో ఫైలులోకి రాయడం మాత్రం ఏ ఇబ్బందీ లేకుండా చేస్తుంది, దానికి అవి ఉత్త బైట్లు కాబట్టి. ఆ ధోరణి మాట పొడవు చెప్పే లెన్ దగ్గర బయటపడుతుంది. ‘అమ్మ’ అన్న మాటకి లెన్ 12 అంటుంది: అ, మ, పొల్లు, మ - నాలుగు కోడ్లు, ఒక్కోటి మూడు బైట్లు. లెఫ్ట్‌తో మొదటి నాలుగు కోస్తే రెండో అక్షరం మధ్యలో తెగి చెత్త మిగులుతుంది.

ఫీనిక్స్‌లో యూనికోడ్ రాయడానికి _యూప్రింట్‌స్ట్రింగ్ చేర్చారు. తెలుగు ఫాంటు ఎక్కించి దీనితో రాస్తే అక్షరాలు వస్తాయి గాని ఒకదాని పక్కన ఒకటి విడివిడిగా వస్తాయి. గుడి, కొమ్ము హల్లుకి అతకవు, క్రావడి కిందికి దిగదు. తెలుగుకి కావలసిన ఆ కూర్పు పని ఇందులో లేదు.

ఆటలో ‘మొదలుపెట్టు’, ‘గెలిచారు’ లాంటి పాతిక ముప్పై మాటలే కావాలంటే దారి ఉంది. జింప్‌లోనో ఇంక్‌స్కేప్‌లోనో ఆ మాటల్ని వెనక రంగు లేకుండా పీఎన్‌జీ బొమ్మలుగా చేసుకుని _పుట్‌ఇమేజ్‌తో చూపించండి. స్కోరు అంకెలు మామూలుగానే ప్రింట్ అవుతాయి. వాడేవాళ్లు తెలుగులో టైపు చేయాలంటే మాత్రం లాజరస్‌కి వెళ్లండి. అది ఫ్రీ పాస్కల్ మీద నడుస్తుంది, బటన్లు, పెట్టెలు మౌస్‌తో లాగి పెట్టుకోవచ్చు, అక్షరాల కూర్పు ఆపరేటింగ్ సిస్టమే చూసుకుంటుంది. పైథాన్‌లోనే రాయాలంటే కిటికీలు, బటన్లు చేసే లైబ్రరీల్లో టీకేఇంటర్ కన్నా పైక్యూటీ మేలు, లినక్స్‌లో టీకేఇంటర్‌కి కూడా ఇదే జబ్బు.

క్యూబీ64కి కూడా ఇన్‌ఫార్మ్ అని ఫారాలు తయారుచేసే పనిముట్టు ఉంది. బటన్లని విండోస్‌వి కాకుండా తనే గీస్తుంది కాబట్టి ఎక్కడో తేడాగా అనిపిస్తుంది. ఫారాలే ముఖ్యమైన ప్రోగ్రాంకి క్యూబీ64 ఎంచుకోవడం అనవసరపు కష్టం. ఇక మైక్రోసాఫ్ట్ స్మాల్ బేసిక్: పద్నాలుగే కీలక పదాలు, ఎనిమిదేళ్ల పిల్లలకి బాగుంటుంది. సబ్‌లకి (ప్రోగ్రాంలో విడిగా రాసుకునే ముక్కలకి) విలువలు అందించలేకపోవడంతో కాస్త పెద్ద ప్రోగ్రాంకే చేతులు కట్టేసినట్టవుతుంది, పైగా డెస్క్‌టాప్ రూపం విండోస్‌కే.

పాత ప్రోగ్రాములు, పంచుకోవడం

దాచుకున్న క్యూబేసిక్ ఫైళ్లు చాలావరకు మార్పు లేకుండానే నడుస్తాయి. సొంత ఫంక్షన్లు రాసే పాత పద్ధతి డెఫ్ ఎఫ్ఎన్ నడవదు, దాన్ని ఫంక్షన్‌గా తిరగరాయాలి. ఒకటి నుంచి పదివేల దాకా ఊరికే లెక్కపెట్టే ఫర్ లూప్‌తో ఆలస్యం చేసిన చోట్ల ఇప్పుడు రెప్పపాటు కూడా పట్టదు, అక్కడా _డిలే పెట్టాలి. క్యూబేసిక్ కన్నా పాతదైన జీడబ్ల్యూ బేసిక్ ఫైళ్లు సంకేత రూపంలో ఉంటే తెరిచినప్పుడు చెత్త కనిపిస్తుంది. పాత డాస్ ప్రోగ్రాములు నడిపే డాస్‌బాక్స్‌లో జీడబ్ల్యూ బేసిక్ నడిపి, సేవ్ కమాండ్ చివర కామా ఏ చేర్చి మామూలు టెక్స్ట్‌గా మార్చుకుంటే సరి.

తయారైన ఈఎక్స్‌ఈని వేరేవాళ్లకి ఇవ్వాలంటే బొమ్మలు, శబ్దాల ఫైళ్లు కూడా అదే ఫోల్డర్లో పెట్టి జిప్ చేయాలి. జీమెయిల్ ఈఎక్స్‌ఈని జిప్‌లో దాచినా పోనివ్వదు, డ్రైవ్ లింకో పెన్‌డ్రైవో వాడాలి. అవతల తెరిచినప్పుడు విండోస్ నీలం హెచ్చరిక చూపిస్తుంది. సంతకం లేని ప్రోగ్రాములన్నిటికీ అంతే, మోర్ ఇన్ఫో నొక్కితే కింద రన్ ఎనీవే వస్తుంది. విండోస్‌లో చేసింది లినక్స్‌లో నడవదు, అదే బేసిక్ ఫైలుని అక్కడ మళ్లీ కంపైల్ చేయాలి.

కొత్త వెర్షన్ వచ్చినప్పుడు పాత ఫోల్డర్ మీదే విప్పొద్దు, పాత లైబ్రరీ ఫైళ్లు మిగిలిపోయి వింత తప్పులొస్తాయి. వేరే ఫోల్డర్లో విప్పి, ఒకటి రెండు ప్రోగ్రాములు నడిపి చూశాక పాతది తీసేయండి. మీ బేసిక్ ఫైళ్లని మొదటినుంచీ క్యూబీ64 ఫోల్డర్‌కి బయట దాచుకుంటే వాటికేమీ కాదు.